650 పదాల గడి: ఒక కాలేజీ వ్యాసం ప్రాజెక్టు డైరీ

జూన్, మొదటి వారం

మా అక్క కూతురు అమెరికాలో పదకొండో తరగతి పూర్తి చేసింది. ఈ ఏడాది చివరికల్లా కాలేజీలకు దరఖాస్తులు పంపాలి. మార్కులు, తీసుకున్న కోర్సులు, టీచర్ల సిఫారసు ఉత్తరాలు ఎవరి దారిన అవి సమకూరుతున్నాయి కాని, అక్కడి పిల్లలందరూ 'ఎస్సే' అని బెంగగా తలచుకునే ఆ ఒక్క వ్యాసం దగ్గర మాత్రం పని ముందుకు సాగడం లేదు. దాన్ని ఒక ప్రాజెక్టుగా చేపట్టి, ఏ దశలో ఏం చేశామో, ఎందుకు చేశామో రాసి ఉంచుదామని ఈ డైరీ మొదలుపెడుతున్నాను. నా వంతు పని చదవడం, ప్రశ్నలు అడగడం, అచ్చు తీసిన కాగితం అంచున గీతలు పెట్టడం వరకే. ఒక్క వాక్యం కూడా నేను రాసి ఇవ్వనని ఆమెకు మొదటి రోజే చెప్పాను. దరఖాస్తు చివర ఇది తన సొంత రచన అని సంతకం చేయవలసింది ఆమే కనుక, ఈ హద్దు మర్యాద కోసం పెట్టుకున్నది కాదు.

ముందుగా కొలతలు చూసుకున్నాం. ఆమె దరఖాస్తు చేయదలచిన కాలేజీల్లో చాలావరకు కామన్ యాప్ ద్వారానే తీసుకుంటాయి. 1975లో 15 ప్రైవేటు కాలేజీలు కలిసి ఒకే దరఖాస్తు పత్రం వాడుకుందామని మొదలుపెట్టిన ఏర్పాటు అది. ఇప్పుడు సభ్య కాలేజీలు వెయ్యి దాటాయి. అందులో ప్రధాన వ్యాసం ఒక్కటే ఉంటుంది, అదే అన్ని కాలేజీలకూ వెళుతుంది. 250 పదాలకు తగ్గకూడదు, 650 దాటకూడదు. ఏడు ప్రశ్నల్లో ఒకదాన్ని ఎంచుకోవాలి. నేపథ్యం లేదా ఆసక్తి గురించి ఒకటి, ఎదురుదెబ్బ గురించి ఒకటి, ఒక నమ్మకాన్ని ప్రశ్నించిన సందర్భం గురించి ఒకటి, కృతజ్ఞత గురించి ఒకటి, ఎదుగుదలకు కారణమైన సంఘటన గురించి ఒకటి, కాలం తెలియకుండా మునిగిపోయే విషయం గురించి ఒకటి, చివరిది నీకు నచ్చిన ఏ అంశమైనా సరే అనేది. ఈ ఏడింటినీ చదివి ఒకదాన్ని పట్టుకుని రాయడం మొదలుపెట్టవద్దని చెప్పాను. చివరి ప్రశ్న ఎలాగూ తలుపు తెరిచే ఉంచింది కనుక, రాయవలసిన విషయం ముందు దొరికితే దానికి సరిపడే ప్రశ్న తరువాత దొరుకుతుంది. దరఖాస్తు గడి ఆగస్టు 1న తెరుచుకుంటుంది, ప్రశ్నలు మాత్రం అంతకు చాలా ముందే తెలుస్తాయి. కాబట్టి వేసవి మొత్తం మా చేతిలో ఉంది.

జూన్, రెండో వారం

ఈ వారం వ్యాసం జోలికే పోలేదు. పెద్ద కాగితం ఒకటి పరిచి, దరఖాస్తులోని మిగతా భాగాలన్నీ ఆమె గురించి ఏమేం చెప్పబోతున్నాయో రాసుకున్నాం. నా దృష్టిలో ఈ ప్రాజెక్టు మొత్తంలో ముఖ్యమైన పని ఇదే. చాలామంది పిల్లలు దీన్ని దాటవేసి నేరుగా రాతలోకి దిగుతారు.

మార్కుల పట్టిక ఆమె గణితంలో, భౌతికశాస్త్రంలో గట్టిదని చెబుతుంది. కార్యకలాపాల జాబితాలో పది గడులు ఉంటాయి. ఒక్కొక్కదానికి వివరణ 150 అక్షరాలకు మించకూడదు, పదాలు కాదు, అక్షరాలే, ఖాళీలతో కలిపి. అందులో మొదటి గడి రోబోటిక్స్ జట్టుది. ఆ జట్టుకు సలహాదారుగా ఉన్న ఫిజిక్స్ టీచరే సిఫారసు ఉత్తరం కూడా రాస్తున్నారు కనుక, రాత్రిళ్లు మేలుకుని యంత్రాన్ని బాగుచేసిన కథ ఆ ఉత్తరంలో తప్పక ఉంటుంది. స్కూలు కౌన్సెలర్ ఉత్తరం ఆమె తరగతిలో ఎలా ఉంటుందో చెబుతుంది. పురస్కారాలకు వేరే గడులున్నాయి. అనారోగ్యం, ఇంటి ఇబ్బందులు, చదువుకు కలిగిన ఆటంకాలు వంటివి చెప్పుకోవడానికి 250 పదాల ప్రత్యేక గడి ఒకటి ఉంది. ఇవి కాక మిగిలిన అదనపు సమాచారానికి ఇంకో గడి ఉంది. అందులో ఇదివరకు 650 పదాలు పట్టేవి, 2025లో దాన్ని 300కు కుదించారు.

ఇదంతా రాసుకున్నాక కాగితం మీద ఖాళీగా కనిపించినది ఒకటే: ఆమె ఒంటరిగా ఉన్నప్పుడు ఏ విషయాన్ని ఎలా ఆలోచిస్తుంది, దేని దగ్గర ఆగిపోతుంది, ఏ ప్రమాణం మీద ఒకటి సరైనదని తేల్చుకుంటుంది అనేది. ఆ ఖాళీని నింపేదే వ్యాసం కావాలి. మిగతా గడులు చెప్పేసిన సంగతినే మళ్లీ అందంగా చెప్పే వ్యాసం, ఎంత బాగా రాసినా, చదివేవారికి కొత్తగా ఏమీ ఇవ్వదు. ఈ ఒక్క వాక్యాన్ని కాగితం పైభాగంలో రాసి గోడకు అంటించమన్నాను.

జూన్ చివర

అయినా మొదటి ముసాయిదా రోబోటిక్స్ పోటీ మీదే వచ్చింది. పోటీ ఆఖరి రౌండు, యంత్రం చేయి విరగడం, గడియారం పరుగు, జట్టు కలిసికట్టుగా నిలబడటం, ఓటమి, ఓటమిలో నేర్చుకున్న పాఠం. వాక్యాలు బాగానే ఉన్నాయి. ఆమెను నేను తప్పుపట్టలేదు, ఎందుకంటే పదిహేడేళ్ల వయసులో 'నీ గురించి చెప్పు' అంటే ఎవరైనా తమ జీవితంలో అతి పెద్దగా కనబడే సంఘటన దగ్గరికే వెళతారు.

ఆ ముసాయిదాను అచ్చు తీసి రెండు రంగుల పెన్సిళ్లతో కూర్చున్నాం. ఏం జరిగిందో చెప్పే ప్రతి వాక్యం కింద ఎర్ర గీత, ఆమె ఏమనుకుందో, ఏం నిర్ణయించుకుందో చెప్పే ప్రతి వాక్యం కింద నీలం గీత. పేజీ దాదాపు పూర్తిగా ఎర్రబడింది. నీలం గీతలు చివరి పేరాలో మాత్రమే పడ్డాయి. అక్కడున్న మాటలు కూడా పట్టుదల, సమష్టి కృషి, వైఫల్యం నుంచి నేర్చుకోవడం వంటివే. జట్టులో ఉన్న ఏ పిల్లవాడి పేరు పెట్టినా ఆ పేరా అలాగే నిలుస్తుంది. పిన్నీ, అయితే రోబోటిక్స్ మీద రాయకూడదా అని అడిగింది. రాయవచ్చు. ఆటలో గాయం, వలస వచ్చిన అమ్మానాన్నల కష్టం, సేవాయాత్ర వంటి విషయాలను 'అరిగిపోయినవి' అని ముద్ర వేసి పిల్లలను భయపెట్టే సలహాలతో నాకు పేచీ ఉంది. అరిగిపోయేది విషయం కాదు, దాని చివర తేల్చే ముక్తాయింపు. అదే గాయం గురించి రాసి, ఎవరూ ఊహించని చోట తేలిన వ్యాసం కొత్తగానే ఉంటుంది. అయితే ఈమె విషయంలో రోబోటిక్స్ ఇప్పటికే రెండు చోట్ల కూర్చుని ఉంది. మూడో కుర్చీ కూడా దానికే ఇవ్వడం దండగ.

జూలై, మొదటి పక్షం

విషయం కోసం వెతుకులాట. నీ అతి పెద్ద విజయం ఏమిటి వంటి ప్రశ్నలు పక్కన పెట్టి, చిన్న ప్రశ్నల చీటీ ఒకటి తయారుచేశాను. ఎవరూ చూడకపోయినా నువ్వు సరిగ్గా చేసే పని ఏది? ఇంట్లోవాళ్లు నిన్ను దేనికి ఆటపట్టిస్తారు? గత ఏడాదిలో ఏ విషయం మీద నీ అభిప్రాయం మారింది? ఏ నియమం నీకు నచ్చదు, అయినా పాటిస్తావు? ప్రతిదానికీ మూడు నాలుగు వాక్యాల్లో, వ్యాసంలా కాకుండా, ఉత్తరంలో రాసినట్టు రాయమన్నాను.

చివరి ప్రశ్న దగ్గర దొరికింది. ఆమె వారాంతాల్లో పబ్లిక్ లైబ్రరీలో స్వచ్ఛందంగా పనిచేస్తుంది. తిరిగొచ్చిన పుస్తకాలను, విషయాన్ని బట్టి వాటికి ఇచ్చే డ్యూయీ దశాంశ సంఖ్య ప్రకారం అరల్లో సర్దడం ఆ పని. కార్యకలాపాల జాబితాలో దానికి తొమ్మిదో గడి ఇచ్చింది, అదీ 'సేవా గంటలు' అన్న హోదాలో. చీటీలో ఆమె రాసింది ఇది: వంట పుస్తకాలుండే 641.5 అరలో, వరుస వెనకాల, ఒక విడాకుల పుస్తకం దాచి ఉంది. దాని చోటు 306.89. తీసి సరైన చోట పెట్టింది. కొన్ని వారాల తరువాత అదే పుస్తకం అదే వంటల వరుస వెనకాల మళ్లీ కనిపించింది. ఎవరో దాన్ని ఇంటికి తీసుకువెళ్లలేక, కార్డు మీద నమోదు చేయించుకోలేక, వచ్చినప్పుడల్లా కొంత చదువుకుని దాచిపెట్టి పోతున్నారని అప్పుడు ఆమెకు అర్థమైంది. నియమం ప్రకారం దాన్ని మళ్లీ 306.89కి చేర్చాలి. చేర్చింది కాని, 'అది తప్పేమో అని ఇప్పటికీ అనిపిస్తుంది' అని రాసి ఆపేసింది.

ఇదే రాయమన్నాను. ఆమె నమ్మలేదు. ఇందులో తను సాధించినదేమీ లేదు కదా అంది. నిజమే, లేదు. కాని సర్దే పని చేసే పిల్ల ఆ పుస్తకం చోటుమారడాన్ని గజిబిజిగా కాక ఒక మనిషి ఆనవాలుగా చదివింది. నియమానికీ ఆ మనిషికీ మధ్య నిలబడి ఏం చేయాలో ఆలోచించింది. కాగితం మీద మేము ఖాళీగా వదిలిన చోటు సరిగ్గా అదే.

జూలై చివర

మధ్యలో ఒక పెద్ద ప్రశ్న వచ్చింది. అక్కా బావా ఇద్దరూ, ఇప్పుడు కాలేజీలన్నీ 'నీ నేపథ్యం' అడుగుతున్నాయట, వలస కుటుంబం సంగతి రాయకపోతే నష్టం కాదా అన్నారు. ఆ మాటకు కారణం ఉంది. 2023 జూన్ 29న అమెరికా సుప్రీం కోర్టు హార్వర్డ్, నార్త్ కెరోలినా విశ్వవిద్యాలయాల కేసులో తీర్పు ఇచ్చి, ప్రవేశాల్లో జాతిని లెక్కలోకి తీసుకునే పద్ధతిని కొట్టివేసింది. అదే తీర్పులో ప్రధాన న్యాయమూర్తి జాన్ రాబర్ట్స్, జాతి తన జీవితాన్ని ఎలా ప్రభావితం చేసిందో విద్యార్థి రాసుకుంటే దాన్ని విశ్వవిద్యాలయం పరిగణించడానికి అడ్డు లేదనీ, అయితే అది ఆ వ్యక్తి ధైర్యానికో సామర్థ్యానికో ముడిపడి ఉండాలి తప్ప జాతికి ఇచ్చే మార్కు కాకూడదనీ రాశారు. ఆ తరువాత చాలా కాలేజీలు, ప్రధాన వ్యాసం కాక విడిగా తాము అడిగే అనుబంధ ప్రశ్నల్లో నేపథ్యం, సముదాయం, అనుభవం గురించి అడగడం మొదలుపెట్టాయి.

కాబట్టి నేపథ్యం చెప్పుకోవడానికి అనుబంధ ప్రశ్నల్లో చోటు దొరుకుతుంది. ప్రధాన వ్యాసాన్ని బలవంతంగా అటు తిప్పనక్కర్లేదని తేల్చుకున్నాం. ఇంకో సంగతి కూడా వారికి చెప్పాను. నేపథ్యం రాసే పిల్లలు తరచు అమ్మానాన్నల కథ రాసి, తాము అందులో ప్రేక్షకులుగా మిగిలిపోతారు. చదివే అధికారికి ఆ తండ్రి మీద గౌరవం కలుగుతుంది, సీటు అడుగుతున్న బిడ్డ మాత్రం కనబడదు.

ఆగస్టు, మొదటి పక్షం

లైబ్రరీ వ్యాసం ముసాయిదా తొమ్మిది వందల పదాలు దాటింది. పొడవు నన్ను భయపెట్టలేదు. కోయడానికి సరుకు ఉండాలి. భయపెట్టినది మూడో పేరా. అందులో ఒక శనివారం సాయంత్రం ఒకావిడ 306.89 అర ముందు నిలబడి కన్నీళ్లు తుడుచుకుంటుంది, మా పిల్ల ఆమెకు పుస్తకం అందిస్తుంది, ఆవిడ చేయి పట్టుకుని కృతజ్ఞత చెబుతుంది. ఇది జరిగిందా అని అడిగాను. కొంతసేపు మాట్లాడలేదు. తరువాత, జరగలేదు, కాని వ్యాసానికి ఒక ముగింపు కావాలి కదా అంది.

తీసేయమన్నాను. అబద్ధం రాయడం తప్పు అన్నది మొదటి కారణం, దానికి వేరే వాదన అక్కర్లేదు. రాతకు సంబంధించిన కారణం కూడా ఉంది. ఈ వ్యాసం బలమంతా ఆమె ఆ పాఠకుడినో పాఠకురాలినో ఎన్నడూ చూడకపోవడంలోనే ఉంది. ఎవరో తెలియని మనిషి కోసం, ఎవరూ మెచ్చుకోని చోట, ఒక నిర్ణయం తీసుకోవలసి రావడం ఇందులో విషయం. కృతజ్ఞత చెప్పే మనిషిని తెచ్చి నిలబెట్టిన క్షణంలోనే అది మామూలు మంచిపని కథ అయిపోతుంది.

ఆ సన్నివేశం తీసేశాక, దాని చోట అసలు జరిగినదేమిటో అడిగి రాబట్టాను. ఆమె లైబ్రేరియన్ దగ్గరకు వెళ్లి, పుస్తకాన్ని దాచిన చోటే వదిలేయవచ్చా అని అడిగిందట. లైబ్రేరియన్ వద్దన్నారు: అదే పుస్తకం కోసం వెతికే మరొకరికి అది దొరకదు కనుక. అయితే ఆ సంభాషణలోనే, ఎవరు ఏం చదువుతున్నారన్నది గోప్యంగా ఉంచడం గ్రంథాలయాల వృత్తి ధర్మమని కూడా చెప్పారు. అమెరికన్ లైబ్రరీ అసోసియేషన్ తన గ్రంథాలయ హక్కుల పత్రంలో 2019లో చేర్చిన ఏడో అధికరణం దీని గురించే. ఆ రెండు మాటల మధ్య నలిగి, చివరికి ఆమె ఒక చిన్న కార్డు తయారుచేసింది. విడాకులు, కుంగుబాటు, వ్యసనం, అప్పులు వంటి, నోరు తెరిచి అడగడానికి జంకే విషయాల పక్కన వాటి అర సంఖ్యలు మాత్రమే ఉంటాయి. కౌంటరు దగ్గర ఎవరినీ అడగకుండా ఎవరికి వారు వెళ్లి తీసుకోవచ్చు. కార్డులు కేటలాగు కంప్యూటర్ల పక్కన పెట్టారు. ఈ కార్డు సంగతి ఆమె ముసాయిదాలో ఒక్క వాక్యంలో, అదీ బ్రాకెట్లో, ముగించేసింది! అడిగితే, అది పెద్ద పని కాదు కదా అంటుంది. పిల్లలు తమ గురించి రాసేటప్పుడు ఏది బంగారమో ఏది ఇత్తడో తేల్చుకోలేరు; పక్కన ఒక మనిషి కూర్చుని అడగడం వల్ల ఉపయోగం ఉన్నది ఇక్కడే.

ఆగస్టు చివర

కోతల వారం. మళ్లీ రంగు పెన్సిళ్లు. ఈసారి నీలం గీతలు పేజీ అంతటా పరుచుకున్నాయి, కనుక మిగిలిన పని పొడవు తగ్గించడమే.

మొదట పోయినవి లైబ్రరీ వర్ణనలు: పాత కాగితం వాసన, కిటికీలోంచి పడే వెలుతురు. అవి ఏ లైబ్రరీకైనా చెల్లుతాయి. తరువాత పోయినవి ప్రకటనలు. 'నేను చిన్నప్పటి నుంచి ఇతరుల బాధను అర్థం చేసుకునేదాన్ని' అన్న వాక్యం ఉంది. కార్డు కథ ఉన్నచోట ఆ వాక్యం అక్కర్లేదు, లేనిచోట ఎవరూ నమ్మరు. మూడోది పర్యాయపద నిఘంటువు నుంచి ఎత్తుకొచ్చిన మాటలు. ఇంగ్లీషు వ్యాసం కనుక ఆ మాటలు ఇక్కడ రాయను కాని, వాటిని పట్టుకోవడానికి మేము వాడిన పరీక్ష ఏ భాషలోనైనా పనికొస్తుంది. ఆమె వ్యాసాన్ని ఫోనులో చదివి రికార్డు చేసుకుని, మర్నాడు విన్నది. తన గొంతులో తనకే కృత్రిమంగా వినిపించిన ప్రతి చోటా ఆపి గుర్తు పెట్టుకుంది. నేను కాగితం మీద పట్టుకున్న వాటికంటే ఆమె చెవి పట్టుకున్నవే ఎక్కువ.

ఇదే వారం కృత్రిమ మేధ ప్రస్తావన వచ్చింది. తోటి పిల్లలు కొందరు ముసాయిదాను చాట్‌జీపీటీకి ఇచ్చి 'మెరుగుపరచు' అంటున్నారట. కామన్ యాప్ 2023లో తన మోసాల నిబంధనలో, కృత్రిమ మేధ ఇచ్చిన సారాన్ని సొంత రచనగా చూపడాన్ని కూడా చేర్చింది. ఇక కాలేజీల సొంత నియమాలు ఒక్కోచోట ఒక్కోలా ఉన్నాయి, ప్రతి దానిదీ విడిగా చదువుకోవాలి. డ్యూక్ విశ్వవిద్యాలయం 2024లో వ్యాసాలకు అంకెల్లో మార్కులివ్వడమే మానేసింది. కృత్రిమ మేధ, డబ్బిచ్చి పెట్టుకునే సలహాదారులు పెరిగిపోయాక వ్యాసం చూసి విద్యార్థి రాత సామర్థ్యాన్ని కొలవలేమన్నది వారు చెప్పిన కారణం. విద్యార్థిని అర్థం చేసుకోవడానికి మాత్రం వ్యాసాలు చదువుతూనే ఉన్నారు. ఈ మార్పు మా పద్ధతికి బలమిచ్చిందనే నేననుకుంటాను. నునుపైన వాక్యాలకు విలువ తగ్గుతున్న కొద్దీ, 641.5 వెనకాల దాచిన 306.89 వంటి, ఆ మనిషికి తప్ప మరొకరికి తెలిసే వీలులేని వివరానికి విలువ పెరుగుతుంది.

సెప్టెంబరు

మొదలూ చివరా. మిగతా వ్యాసం స్థిరపడ్డాకే వీటి మీద కూర్చున్నాం.

మొదటి వాక్యం ఎవరో ఒకరిని కుదిపేయాలన్న సలహా అన్నిచోట్లా వినబడుతుంది. దాని ఫలితంగా రక్తం, పేలుడు, కేక వంటి వాటితో మొదలయ్యే వ్యాసాలు పుట్టుకొస్తాయి. చదివే అధికారికి ఆ రోజు చదవవలసిన దరఖాస్తులు ఇంకా చాలా ఉంటాయి. ఒక్కొక్క దాని మీద గడపగలిగేది నిమిషాలే. అటువంటి పాఠకులకు కావలసింది కుదుపు కాదు, ఎక్కడున్నామో ఏం జరుగుతోందో వెంటనే తెలియడం. మా పిల్ల వ్యాసం ఇప్పుడిలా మొదలవుతుంది, తెలుగులో భావం: 'విడాకుల పుస్తకం మళ్లీ వంటల అరలో కనిపించింది.' మళ్లీ అన్న మాట ఒక్కటి చాలు, పాఠకులు రెండో వాక్యానికి వెళతారు.

ముగింపు ఎక్కువ కష్టపెట్టింది. నేను నేర్చుకున్నదేమిటంటే అని మొదలయ్యే పేరాను తీసేయగానే వ్యాసం గాలిలో వేలాడుతున్నట్టు ఆమెకు అనిపించింది. అలవాటు అటువంటిది, స్కూల్లో నేర్పిన ఐదు పేరాల వ్యాసంలో చివరి పేరా మొదటిదాన్ని తిరగరాయాలి. ఇక్కడ ఆ అవసరం లేదు. కార్డు పెట్టాక ఏం మారింది అని అడిగితే, తెలియదంది. కార్డులు కొన్ని తగ్గుతాయి, ఎవరు తీసుకున్నారో చూడదు, చూడకూడదని నియమం పెట్టుకుంది. అయితే తన పనిలో మారినదేమిటి? తప్పు అరలో పుస్తకం కనిపిస్తే, సరైన చోటికి చేర్చే ముందు, ఇప్పుడు ఆ చుట్టుపక్కల పుస్తకాలు కూడా చూస్తుంది, ఎవరో ఏదో వెతుకుతూ ఎటు నుంచి ఎటు వెళ్లారో తెలుస్తుందేమోనని. వ్యాసం అక్కడ ఆగిపోయింది. ఇంకో వాక్యం చేర్చనివ్వలేదు.

తరువాత బయటి పాఠకుల పరీక్ష. వ్యాసాన్ని ఎక్కువమందికి చూపిస్తే ప్రతివారూ ఒక మాట మార్చి, చివరికి అది ఎవరి గొంతూ కాకుండా పోతుంది. అందువల్ల ఇద్దరికే ఇచ్చాం: ఆమెను బాగా ఎరిగిన స్నేహితురాలికి, అసలు ఎరగని నా సహోద్యోగికి. బాగుందా అని అడగలేదు. స్నేహితురాలిని, ఇది ఆమే అనిపించిందా అని అడిగాం. సహోద్యోగిని, ఈ అమ్మాయి గురించి ఇప్పుడు మీకు తెలిసినవేమిటో చెప్పమన్నాం. నిదానస్తురాలు, నియమాలను గౌరవిస్తుంది కాని వాటితో సరిపెట్టుకోదు, గుట్టు నిలుపుతుంది అని ఆయన చెప్పారు. ఆ మాటల్లో ఒక్కటీ వ్యాసంలో లేదు. అక్కడితో ప్రధాన వ్యాసం మీద పెన్సిలు పక్కన పెట్టాం. లెక్క 638 పదాల దగ్గర నిలిచింది. ఇక ప్రశ్న ఎంచుకోవాలి: నమ్మకాన్ని ప్రశ్నించిన సందర్భం అన్న మూడోది సరిగ్గా అతికింది.

అక్టోబరు

అనుబంధ వ్యాసాలు. ప్రధాన వ్యాసానికి వేసవంతా ఇచ్చి వీటిని వారాంతంలో ముగించేయవచ్చనుకోవడం చాలా ఇళ్లలో జరిగేదే. 'మా కాలేజీయే ఎందుకు' అన్న ప్రశ్న చిన్నదిగా కనబడుతుంది. యేల్ దాన్ని 125 పదాల్లోనే అడుగుతుంది. చిన్నది కనుకే వృథా చేయడానికి చోటు ఉండదు. దీనికి మేము పెట్టుకున్న పరీక్ష: కాలేజీ పేరు కొట్టేసి, పక్క కాలేజీ పేరు రాసి చదవాలి. అర్థం చెడకపోతే ఆ జవాబు పనికిరాదు. అందమైన క్యాంపస్, పేరున్న ఆచార్యులు, భిన్న సంస్కృతుల విద్యార్థులు అన్నీ ఈ పరీక్షలో రాలిపోయాయి. మిగిలినవి కోర్సుల పట్టికలోంచి ఆమె స్వయంగా చదివి ఎంచుకున్నవి, వాటిని తన లైబ్రరీ ఆసక్తికో గణితానికో ముడివేసి చెప్పినవి మాత్రమే.

స్టాన్‌ఫర్డ్ కాబోయే రూమ్‌మేట్‌కు ఒక ఉత్తరం రాయమంటుంది, 100 నుంచి 250 పదాల్లో. అక్కడ ఆమె సరదాగా రాసింది, నేను చేయి పెట్టలేదు. షికాగో విశ్వవిద్యాలయం విచిత్రమైన ప్రశ్నలకు పేరుమోసింది. 'అసలు వాల్డో ఎక్కడున్నాడు?' (వాల్డో, పిల్లల బొమ్మల పుస్తకాల్లో గుంపుల మధ్య వెతకవలసిన పాత్ర) అన్నది ఒక ఏడాది వారు నిజంగా అడిగిన ప్రశ్న. అటువంటి చోట తెలివి చూపించాలన్న తాపత్రయం కంటే, ఒక వింత ఊహను పట్టుకుని చివరిదాకా క్రమంగా నడిపించగల ఓపిక పనిచేస్తుంది. ఎంఐటీ కామన్ యాప్‌లో లేదు, దానికి సొంత దరఖాస్తు, చిన్న చిన్న జవాబులు. దాని కోసం వేరే ఫైలు తెరిచాం.

అక్టోబరు చివర

నవంబరు 1 ఎర్లీ గడువు, అంటే అందరికంటే ముందుగా దరఖాస్తు పంపేవారిది. ఎర్లీ డెసిషన్‌లో సీటు వస్తే చేరి తీరాలి, ఎర్లీ యాక్షన్‌లో ఆ కట్టుబాటు లేదు. ఇంట్లో ఆర్థిక సాయం లెక్కలు తేలక రెండోదే ఎంచుకున్నారు.

పంపే ముందు చేసిన పనులు క్లుప్తంగా. వర్డ్ ఫైలు నుంచి గడిలోకి అతికించాక పేరాల మధ్య ఖాళీలు చెదిరిపోయాయి, సరిచేసింది. ప్రివ్యూలో వచ్చే పీడీఎఫ్‌ను మొదటి నుంచి చివరి దాకా కాగితం మీద చదివింది, ఎందుకంటే కాలేజీకి కనబడేది అదే. కార్యకలాపాల జాబితాలో లైబ్రరీ గడిని తొమ్మిదో స్థానం నుంచి మూడోదానికి మార్చి, 'సేవా గంటలు' అన్న మాట తీసి, అర సంఖ్యల కార్డు సంగతి ఆ 150 అక్షరాల్లో ఇమిడ్చింది. వ్యాసం చదివిన అధికారి జాబితా తిరగేస్తే రెండూ ఒకదాన్నొకటి బలపరచాలి. సాయంత్రానికే పంపేసింది, గడువు నాటి అర్ధరాత్రి దాకా ఆగితే సర్వరు మొరాయించే భయం ఒకటి. ఒక కాలేజీకి పంపాక కూడా మిగతా వాటి కోసం ప్రధాన వ్యాసాన్ని మార్చుకునే వీలు ఉంటుంది. ఇప్పటివరకు మార్చాలని ఆమెకు అనిపించలేదు.

నవంబరు

మిగిలినది యూనివర్సిటీ ఆఫ్ కాలిఫోర్నియా. అక్కడ వ్యవహారం పూర్తిగా వేరు. ఎనిమిది ప్రశ్నల్లో నాలుగింటికి, ఒక్కొక్కటి 350 పదాలకు మించకుండా, సొంత దరఖాస్తులోనే జవాబివ్వాలి. సాధారణంగా సిఫారసు ఉత్తరాలు అడగరు, ఎస్ఏటీ అనే ప్రవేశ పరీక్ష మార్కులు చూడరు. కనుక టీచరు ఉత్తరంలో వస్తుందని మేము వ్యాసం నుంచి తప్పించిన రోబోటిక్స్ కథకు ఇక్కడ చెప్పేవారు లేరు, ఆమే చెప్పుకోవాలి. జూన్‌లో పక్కన పెట్టిన ముసాయిదాను బయటికి తీసి, నాయకత్వం గురించిన ప్రశ్నకు జవాబుగా మలచడం మొదలుపెట్టింది. యంత్రం చేయి విరిగినప్పుడు ఎవరికి ఏ పని అప్పగించింది, ఎందుకు అప్పగించింది అన్నంతవరకే.

లైబ్రరీ సంగతి సముదాయానికి చేసిన మేలు అన్న ప్రశ్న కిందికి వెళుతోంది. ప్రధాన వ్యాసాన్ని సగానికి కోసి పెట్టేద్దామని మొదట అనుకుంది, కాని అది కుదరలేదు. అక్కడ నెమ్మదిగా విప్పిన సందిగ్ధాన్ని ఇక్కడ రెండు వాక్యాల్లో చెప్పి, కార్డులో ఏయే విషయాలు చేర్చింది, లైబ్రేరియన్ వేటిని మార్చమన్నారు, ఎక్కడ పెట్టారు, అయిపోయినప్పుడు ఎవరు తిరిగి అచ్చు వేస్తున్నారు అన్నవి నేరుగా చెప్పాలి. ఈ జవాబులు చదివేవారు ఇంటర్వ్యూలో ఎదురుగా కూర్చుని అడిగినట్టు అనుకోమన్నాను. రెండు జవాబులు గడిలో చేరాయి. గణితం మీద రాస్తున్న మూడోది 410 పదాల దగ్గర ఉంది, నాలుగో ప్రశ్న ఇంకా ఎంచుకోలేదు. గడువు దగ్గరికొస్తోంది.